మూగబోయిన గిటార్‌కి ఏడు వేల చుట్ల వైద్యం

సీలింగ్ ఫ్యాన్ కాలిపోతే ఏం చేయాలో ప్రతి ఇంట్లోనూ తెలుసు. విప్పి, సంచిలో వేసుకుని రీవైండింగ్ షాపులో ఇచ్చేస్తాం. రెండు రోజుల్లో మళ్లీ తిరుగుతుంది. అదే ఎలక్ట్రిక్ గిటార్ పలకడం మానేస్తే 'పికప్ పోయింది బాస్, కొత్తది వేయాల్సిందే' అన్న మాటతో కథ అయిపోతుంది. కొత్తదంటే వేలల్లో మాట. నిజానికి ఫ్యాన్‌లో కాలిపోయేదీ, పికప్‌లో తెగిపోయేదీ ఒకటే... రాగి తీగ చుట్ట. మరి ఫ్యాన్‌కి ఉన్న వైద్యం గిటార్‌కి ఎందుకు లేదు?

ఈ ప్రశ్న అశోక్ నగర్‌లో ఓ హాస్టల్ గదిలో పుట్టింది. అడిగింది మా కాలేజీ జూనియర్. ట్రిపుల్ఈలో బీటెక్ చేసి, గ్రూప్స్‌కీ జూనియర్ ఇంజినీర్ పోస్టులకీ కలిపి చదువుతున్నాడు. అశోక్ నగర్, చిక్కడపల్లి సంగతి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు దొరికిన రోజే మంచిరోజు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్ గురించి ఇక్కడ ఎవర్ని కదిపినా తేదీలతో సహా చెప్తారు. ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీకేజీ వల్ల, ఇంకోసారి హైకోర్టు తీర్పుతో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్ పెట్టారు. అన్నాళ్లూ గది అద్దె ఆగలేదు, మెస్ బిల్లు ఆగలేదు. మా వాడు ఆదివారాలు ఓ చిన్న బ్యాండ్‌తో వాయించి మెస్ బిల్లు వరకు తెచ్చుకునేవాడు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొన్న గిటార్ సగం మూగబోయేసరికి వాడికి ముందు గుర్తొచ్చింది ఆ బిల్లే.

కిలోమీటరు తీగ

పికప్‌ని విప్పి చూస్తే ఆరు చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ. అంతే సరుకు. పైన స్టీలు తీగ ఊగుతుంది. కింద ఉన్న అయస్కాంతం వల్ల ఆ తీగ కూడా కాస్త అయస్కాంతమవుతుంది. అది ఊగినకొద్దీ కాయిల్ గుండా వెళ్లే అయస్కాంత అభివాహం మారుతూ ఉంటుంది. అభివాహం మారితే కాయిల్‌లో వోల్టేజీ పుడుతుంది. ఇంటర్‌లో రెండు మార్కుల ప్రశ్న కోసం మనందరం బట్టీ పట్టిన ఫారడే సూత్రం ఇదే. నైలాన్ తీగల గిటార్‌కి ఈ పికప్ పెట్టినా పలకనిది కూడా ఇందుకే.

ఒక్కో చుట్టులో పుట్టే వోల్టేజీ లెక్కలోకి రానంత చిన్నది. అందుకని చుట్లు వేలల్లో ఉంటాయి. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్ పికప్‌లో సుమారు ఏడున్నర వేల నుంచి ఎనిమిది వేలు. తీగ మందం 0.063 మిల్లీమీటర్లు. ఆ మందం రాగి తీగ మీటరుకి దాదాపు 5.4 ఓమ్‌ల నిరోధం ఇస్తుంది. మరి మల్టీమీటర్ 6 కిలో ఓమ్‌లు చూపిస్తే లోపల ఎంత పొడవు తీగ ఉన్నట్టు? భాగించి చూడండి. సుమారు 1,100 మీటర్లు! చిక్కడపల్లి నుంచి నారాయణగూడ చౌరస్తాకి నడిచేంత దూరం, అగ్గిపెట్టె కన్నా కాస్త పొడవైన వస్తువులో. బరువు మాత్రం ముప్పై గ్రాములే. ఆ కిలోమీటరులో ఒక్కచోట తెగితే చాలు, మొత్తం మూగ.

మన తెలుగువాళ్లకి పికప్ కొత్తదేమీ కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ వాయించింది ఎలక్ట్రిక్ మాండలినే. మామూలు మాండలిన్‌లో నాదం మోగీ మోగకముందే ఆగిపోతుంది, గమకాలకి చాలదు. ఆయన జంట తీగల బదులు ఐదు ఒంటి తీగలతో కర్ణాటక సంగీతం పలికించి, 1998లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే త్యాగరాయ గానసభ లాంటి వేదికల మీద వయొలిన్లకు అంటించే కాంటాక్ట్ మైకుల జాతి వేరు. వాటిలో చాలావరకు ఉండేది పీజో బిళ్ల, కాయిల్ కాదు. అవి పాడైతే రీవైండింగ్ మాట ఎత్తకండి.

ముందు రోగం తేల్చాలి

నన్నడిగితే ఈ పనిలో సగం విద్య ఇక్కడే ఉంది. 'పికప్ పోయింది' అని వచ్చే గిటార్లలో చాలాసార్లు పికప్ నిక్షేపంగా ఉంటుంది. జాక్ వదులైపోయో, సెలెక్టర్ స్విచ్‌లో దుమ్ము పేరుకునో, ఎక్కడో సాల్డర్ ఊడిపోయో ఉంటుంది. కాబట్టి చుట్టే మాట తర్వాత.

గిటార్‌ని ఆంప్లిఫయర్‌కి తగిలించి, వాల్యూమ్ కొంచెమే పెట్టి, స్క్రూడ్రైవర్ కొసతో ఒక్కో పికప్ మీద మెల్లగా తట్టండి. టక్‌మని స్పీకర్లో వినిపిస్తే ప్రాణం ఉన్నట్టే. తర్వాత మల్టీమీటర్. మూడు వందల లోపు దొరికే పసుపు రంగు మీటర్ చాలు. గిటార్ విప్పాల్సిన పని కూడా లేదు. కేబుల్ ఒక కొస గిటార్‌కి గుచ్చి, రెండో కొస ప్లగ్ మొనకీ దాని ఒంటికీ మీటర్ వైర్లు ఆనించండి. గిటార్ వాల్యూమ్ ఫుల్. సెలెక్టర్‌తో ఒక్కో పికప్‌నే ఎంచుకోండి. మీటర్ 20 కిలో ఓమ్‌ల రేంజిలో ఉండాలి.

ఇప్పుడు వచ్చే రీడింగే అసలు పరీక్ష. స్ట్రాట్ తరహా గిటార్‌లో వాల్యూమ్ పాట్ సాధారణంగా 250 కిలో ఓమ్‌లు. అది పికప్‌కి సమాంతరంగా ఉంటుంది. 6 కిలో ఓమ్‌ల పికప్ బాగుంటే మీకు 5.86 కనిపించాలి. సమాంతర నిరోధాల సూత్రం వేసి చూసుకోండి, సరిపోతుంది. పికప్ తెగి ఉంటే అదే రేంజిలో '1' అని నిలబడిపోతుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. రేంజి 2 మెగా ఓమ్‌లకి మార్చితే 250 చుట్టుపక్కల అంకె వస్తుంది. అంటే జాక్ నుంచి పాట్ దాకా దారి బాగుంది, మీటర్‌కి పాట్ మాత్రమే కనిపిస్తోంది, పికప్ కనిపించడం లేదు. రోగం పాట్‌కి అవతల, స్విచ్‌లోనో వైర్లలోనో పికప్‌లోనో ఉందని స్క్రూ ఒక్కటి కూడా విప్పకుండా తేలిపోయింది. సున్నా వస్తే ఎక్కడో షార్ట్ అయినట్టు.

మా వాడి గిటార్‌లో మెడ వైపుది 5.9, బ్రిడ్జి వైపుది 6.1. మధ్యది '1'.

మీటర్ దొరకబుచ్చుకోలేని రోగం ఇంకోటుంది. లోపల కొన్ని చుట్ల ఇన్సులేషన్ పోయి ఒకదానికొకటి అతుక్కుంటే నిరోధం పెద్దగా మారదు, శబ్దం మాత్రం దుప్పటి కప్పినట్టు వస్తుంది. మీటర్ బాగుందంటుంది, చెవి లేదంటుంది. అప్పుడు చెవి మాటే వినాలి. కాలేజీ ల్యాబ్‌లో ఎల్‌సీఆర్ మీటర్ ఉంటే ఇండక్టెన్స్ కొలవండి. ఈ తరహా పికప్‌లకు రెండు, మూడు హెన్రీల మధ్య ఉండాలి. బాగా తగ్గితే చుట్లు కలిసిపోయినట్టే.

తీగ తెగినా వెంటనే చుట్టడానికి సిద్ధపడొద్దు. ఎక్కువగా తెగేది కొసల దగ్గరే. బయటి కొస తెగితే ఒకట్రెండు చుట్లు విప్పి, కొసన ఉన్న ఎనామిల్ పొర తీసి, మళ్లీ సాల్డర్ చేస్తే పావుగంటలో లేచి కూర్చుంటుంది. కొన్ని ఎనామిళ్లు సాల్డరింగ్ ఐరన్ వేడికే కాలిపోతాయి. పాత రకం పొరని మాత్రం సన్నటి ఎమరీ కాగితంతో గీకాలి. లోపలి కొస తెగితేనే చిక్కు. పాత పద్ధతి పికప్‌లలో తీగని నేరుగా అయస్కాంతాల మీదే చుడతారు. చేతి చెమటలోని ఉప్పు, వానాకాలపు తేమ కలిసి అక్కడికి చేరితే రాగి ఆకుపచ్చగా తుప్పు పడుతుంది. లెన్స్ పెట్టి చూస్తే మా వాడి పికప్‌లో కనిపించిందీ ఆ పచ్చ మచ్చే. ఏడు వేల చుట్ల అడుగున. మొత్తం విప్పాల్సిందే.

42 గేజు తిరకాసు

విప్పేముందు రెండు విషయాలు రాసుకోవాలి. తీగ ఏ దిశలో చుట్టి ఉంది, ఏ కొస ఎర్త్‌కి వెళ్తోంది. మూడు పికప్‌ల గిటార్లలో మధ్యదాన్ని చాలామంది తయారీదారులు అయస్కాంతాల ధ్రువాలు మార్చి, చుట్టడం కూడా వ్యతిరేక దిశలో చుడతారు. రెండు పికప్‌లు కలిపి వాయించినప్పుడు పాట కలుస్తుంది, కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుంయ్ శబ్దం మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. దిశ చూసుకోకుండా చుడితే ఇదంతా తలకిందులై, గుంయ్ మిగిలి పాట పలచబడుతుంది. ధ్రువాలు తెలుసుకోవడానికి రూపాయల్లో దొరికే దిక్సూచి చాలు.

తర్వాత తీగ కొనాలి. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ సుల్తాన్ బజార్. దిగి నడిస్తే కోఠి గుజరాతీ గల్లీ. విదేశీ వీడియోలన్నీ '42 గేజు తీగ' అనే చెప్తాయి. అదే మాట ఇక్కడ కౌంటర్ దగ్గర అంటే వేరే తీగ చేతికొస్తుంది. వీడియోలో చెప్పేది అమెరికన్ గేజు, ఏడబ్ల్యూజీ. మన వైండింగ్ షాపుల్లో నడిచేది బ్రిటిష్ వాళ్ల ఎస్‌డబ్ల్యూజీ. అమెరికన్ 42 అంటే 0.063 మిల్లీమీటర్లు. మన 42 అంటే 0.1 మిల్లీమీటర్లు. తేడా చిన్నదనిపిస్తుంది కానీ మధ్యచ్ఛేద వైశాల్యం రెండున్నర రెట్లు. అది చుడితే మూడు వేల చుట్లకే బాబిన్ నిండిపోతుంది, నిరోధం ఒక కిలో ఓమ్ కూడా రాదు. మనకి కావాల్సింది ఎస్‌డబ్ల్యూజీలో 46 గేజు, అంటే 0.061 మిల్లీమీటర్లు. గేజు నంబర్ కన్నా మిల్లీమీటర్లలో అడగడం మేలు.

'తీగె కూత వెడుతుందా ఇను'

నారాయణగూడ వైపు ఓ సందులో ముప్పై ఏళ్లుగా ఫ్యాన్లు, మోటార్లు చుట్టే మేస్త్రి ఉన్నాడు. ముందు ఆయన ఒప్పుకోలేదు. రీలు చేతిలోకి తీసుకుని లైటుకి ఎదురుగా పట్టి చూశాడు. "గింత సన్నం తీగె నా మిషన్ మీద నిలువది తమ్మీ. ఫ్యాన్ తీగె గుంజితె ఆగుతది. గిది ఊపిరి తాకినా తెగుతది" అన్నాడు. "మిషన్ మేమే తెచ్చుకుంటమన్నా, చెయ్యెట్ల పట్టాల్నో నువ్వు చూపియ్యి" అన్నాడు మా వాడు. అప్పుడు స్టూలు జరిపాడు.

మిషన్ అంటే పాత కుట్టు మిషన్ మోటారు, దాని పెడల్. ఇరుసుకి బిగించిన చెక్క ముక్క మీద పికప్ బాబిన్. చుట్లు లెక్కపెట్టడానికి ఓ చవక కాలిక్యులేటర్. ఇరుసుకి చిన్న అయస్కాంతం అంటించి, ఎదురుగా రీడ్ స్విచ్ పెట్టి, దాని రెండు వైర్లను కాలిక్యులేటర్ '=' మీట కింద సాల్డర్ చేయాలి. 1 + 1 నొక్కి వదిలేస్తే, ప్రతి చుట్టుకీ ఒకటి కలుపుకుంటూ పోతుంది. అయస్కాంతాల మీద ముందే పలచటి టేపు ఒక పొర చుట్టాం, మళ్లీ తుప్పు తీగని తాకకుండా.

మేస్త్రి చూపించింది చిన్న కిటుకు. తీగని వేళ్ల మధ్య పట్టుకోకూడదు. ఉన్ని గుడ్డ ముక్క మడిచి, దాని మధ్య నుంచి జారనివ్వాలి. "నువ్వు గుంజకు. తీగెనే పోనియ్యి. సన్నగ కూత వెడుతుందా ఇను. కూత వెట్టిందంటె గుంజుడెక్కువైనట్టు." మరీ బిగిస్తే తీగ సాగి ఇంకా సన్నబడుతుంది, నిరోధం పెరుగుతుంది. మరీ వదులైతే చుట్లు లోపల కదిలి, శబ్దం పెంచినప్పుడు కీచుమంటాయి. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఉండాలో ఏ టెక్స్ట్‌బుక్కూ చెప్పలేదు, చెప్పలేదు కూడా.

రెండు వేల చుట్లు దాటాక ఒకసారి తెగింది. మేస్త్రి కొసలు మెలిపెట్టి, చుక్క సాల్డర్ వేసి, సన్నటి టేపు ముక్క అంటించి 'నడువు' అన్నాడు. గంటకు పైగా పట్టింది. 7,600 దగ్గర ఆపి కొలిస్తే 6.2 కిలో ఓమ్‌లు. చివరగా మైనపు స్నానం. పారాఫిన్ మైనం నాలుగు వంతులు, తేనెమైనం ఒక వంతు. నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకండి, మైనం అంటుకుంటుంది. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, 65 డిగ్రీల దగ్గర ఉంచి, బుడగలు ఆగేదాకా పికప్‌ని ముంచాలి. అంతకన్నా వేడెక్కితే ప్లాస్టిక్ బాబిన్ వంకర పోతుంది.

ఆ ఆదివారం గిటార్ స్టేజీ ఎక్కింది. మెస్ బిల్లు కట్టేశాడు. తర్వాత బ్యాండ్ వాళ్ల పరిచయాల్లోంచి ఒకటీ అరా పికప్‌లు వాడి గదికి రావడం మొదలైంది.

ఇది ఉద్యోగమవుతుందా?

అమెరికాలో సీమోర్ డంకన్ అనే కుర్రాడి గిటార్ పికప్ పాడైతే, రికార్డ్ ప్లేయర్‌ని తిప్పుడు మిషన్‌గా వాడి తానే చుట్టుకున్నాడట. నిమిషానికి 33 చుట్ల వేగంతో లెక్కేస్తే 7,600 చుట్లకు దాదాపు నాలుగు గంటలు! 1976లో ఆయన పేరుతోనే మొదలైన కంపెనీ ఇవాళ పికప్‌ల లోకంలో పెద్ద పేరు. ఫెండర్ ఫ్యాక్టరీలో 1950ల నుంచి పికప్‌లు చుట్టిన అబిగైల్ యిబారా అనే కార్మికురాలి చేతి పనికి తర్వాతి కాలంలో ప్రత్యేకంగా ధర పలికింది.

అవి అక్కడి కథలు. హైదరాబాద్‌లో కేవలం గిటార్ పికప్‌లు చుట్టి ఇల్లు గడపొచ్చని చెప్తే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే. అన్ని గిటార్లు ఇక్కడ పాడవ్వవు. కానీ ఈ పని నేర్చిన చేతికి పక్కనే చాలా తలుపులున్నాయి. రిలే కాయిల్, చిన్న ట్రాన్స్‌ఫార్మర్, ఎలక్ట్రిక్ స్కూటర్ హబ్ మోటార్ అన్నిటా ఉండేది చుట్టే. కార్లలో చక్రం వేగం పసిగట్టే పాత రకం సెన్సర్ అయితే అచ్చం గిటార్ పికప్పే. తీగ బదులు పళ్ల చక్రం తిరుగుతుంది, అంతే తేడా. ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో వైండింగ్ పాఠంగానే ఉంది. బీటెక్ వాళ్లం దాన్ని చిన్నచూపు చూసి, నాలుగేళ్లలో ఒక్క కాయిల్ కూడా చుట్టకుండా బయటికొస్తున్నాం. ఇది నా ఫిర్యాదు.

ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లకి ఇంకో మాట. రెజ్యూమేలో 'గిటార్ రిపేర్ హాబీ' అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. 'తెగిన కాయిల్‌ని సమాంతర నిరోధం లెక్కతో గుర్తించి, 0.061 మిల్లీమీటర్ల తీగతో 7,600 చుట్లు చుట్టి, 6.2 కిలో ఓమ్‌లకు తెచ్చాను' అని రాయండి. కోర్ కంపెనీలో ప్యానెల్ అక్కడే ఆగుతుంది. ఆగి అడిగే ప్రశ్న కూడా ఊహించొచ్చు: చుట్లు పెంచితే శబ్దం పెరుగుతుంది కదా, పదివేలు ఎందుకు చుట్టలేదు? జవాబు మీ సిలబస్‌లోనే ఉంది. ఇండక్టెన్స్ చుట్ల వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 2.2 హెన్రీల పికప్, 500 పికోఫారడ్ల కేబుల్ కలిస్తే అనునాద పౌనఃపున్యం 4.8 కిలోహెర్ట్జ్. చుట్లు 20 శాతం పెంచితే అది 4 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. గొంతు పెరుగుతుంది, మెరుపు పోతుంది. ఎస్ఎస్‌సీ జేఈకైనా గేట్‌కైనా ఈ లెక్క పనికొచ్చేదే.

పెట్టుబడి పెద్దది కాదు. మీటర్, సాల్డరింగ్ ఐరన్, రీలు తీగ, పాత మోటార్. బాబిన్‌లు సొంతంగా డిజైన్ చేయాలనుకునేవాళ్లకి రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ ఉంది. దుకాణమే పెట్టేదాకా వస్తే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల దాకా రుణం అడగొచ్చు. కానీ ముందు ఓ నెల ఏదైనా రీవైండింగ్ షాపులో సాయంత్రాలు కూర్చోండి. లైబ్రరీ మూసేలోపు గంట చాలు.

డబ్బులు తీసుకుని చేసేటప్పుడు కొన్ని కట్టుబాట్లు పెట్టుకోండి. 1950లు, 60ల నాటి అసలు పికప్ ఎవరైనా తెస్తే ముట్టుకోవద్దు. తీగ మారితే దాని పాత విలువ తిరిగి రాదు. కొస సాల్డరింగ్‌తో అయిపోయే పనికి రీవైండింగ్ రేటు తీసుకోవద్దు. విప్పేముందు ఫొటో తీయండి. గిటార్ తెచ్చినవాళ్ల ఎదుటే మీటర్ పెట్టి, వచ్చినప్పటి రీడింగ్ ఎంతో, తిరిగిచ్చేటప్పటి రీడింగ్ ఎంతో కవర్ మీద రాసి చేతికివ్వండి.